సముద్రానికి పట్టా లేదు

ఆషాఢం వస్తే ఉదయగిరిలో గాలి పడమటి నుంచి దిగుతుంది. మూడు వేల అడుగుల పైచిలుకు దుర్గం కొండ అడ్డంగా నిలబడినా ఆగదు. కృష్ణదేవరాయలంతటివాడు 1513లో ముట్టడి మొదలుపెట్టి, నెలల తరబడి కింద కాచుకుని, 1514లో గాని ఈ కోటను గజపతుల నుంచి లాక్కోలేకపోయాడు. గాలికి మాత్రం ఏ తలుపూ అడ్డం లేదు. కోట గోడలు దాటి ఊళ్లోకొచ్చి, దిలావర్‌భాయ్ వీధిలో అరుగుల మీద పోగైన చెక్కపొట్టును లేపి వీధంతా చల్లుతుంది. చెక్క చెంచాలు, ఫోర్కులు, గరిటెలు చేతితో చెక్కే కుటుంబాలు ఉండే వీధి అది. ఉదయగిరి చెక్క సామానుకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది.

ఆ పనిలోనే పెరిగిన ఒక భాయ్, ఆత్మకూరు వైపు కరెంటు లైన్ల మీద పనిచేసి లైన్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన ఇంకొకాయన కలిసి ఈ యాత్ర పెట్టుకున్నారు. భాయ్‌కి ఏర్వాడి దర్గా మొక్కుంది. ఇన్‌స్పెక్టరుగారికి రామేశ్వరం బాకీ ఉంది. రెండూ తమిళనాడులో రామనాథపురం జిల్లాలోనివే కాబట్టి ఒకరి పుణ్యానికి ఇంకొకరు తోడు. వీటికి తోడు ఇన్‌స్పెక్టరుగారు మూడో పనొకటి సొంతంగా తగిలించారు. సముద్రంలో గాలిమరలు పాతి కరెంటు తీస్తామంటున్నారే, ఆ తీరం చూసి రావాలని.

“ఇంకా పెట్టని మరల్ని ఏం చూస్తావన్నా?” అన్నాడు భాయ్.

“పెట్టినాక అందరూ చూస్తారు. పెట్టకముందే చూడాల.”

ఆత్మకూరు పక్కన అనుమసముద్రంపేట దర్గాలో ఆగితే, అక్కడికి ఎప్పటిలాగే తమిళనాడు నుంచి వచ్చిన కుటుంబాలున్నాయి. వీళ్లు ఏర్వాడి వెళ్తున్నారని విని ఒక పెద్దావిడ నవ్వింది. ఈ నెలల్లో అక్కడ తల మీద కొంగు నిలవదని, బుర్ఖా అయినా చీరైనా రెండు చేతులా పట్టుకోవాల్సిందేనని హెచ్చరించింది. వాతావరణ శాఖ బులెటిన్ కంటే ఇది మేలు.

సోమశిల చుట్టుకుని పోవడం ఇన్‌స్పెక్టరుగారి పట్టు. పెన్న మీద కట్టిన ఈ ఆనకట్ట నిండితే 78 టీఎంసీలు. ఆత్మకూరు కింద మళ్లలో నీళ్లు పారుతున్నాయంటే దీని దయే. ఆ నీళ్ల కింద కడప వైపు ఊళ్లు ఎన్నో మునిగాయి. కట్ట మీద నిలబడి ఆయన ఒక మాటన్నారు: “పొలానికి పట్టా ఉన్నోడికి లెక్కగట్టి ఏదో ఇస్తారు భాయ్. ఏటి ఒడ్డున గొడ్లు మేపుకున్నోడికి, ఇసకలో దోసపాదులు పెట్టుకున్నోడికి ఏ కాగితం చూసి ఇస్తారు?” భాయ్‌కి ఆ మాట అప్పటికి పెద్దగా ఎక్కలేదు. దారి పొడుగునా అది వీళ్ల వెంటే వచ్చింది.

నెల్లూరు దాటి దక్షిణానికి తిరిగాక వచ్చిన ప్రశ్న సహజమైనదే. మనకూ ఇంత సముద్రముంది, మైపాడూ కృష్ణపట్నమూ మనవే, ఈ మరలేవో మన దగ్గరే పెట్టొచ్చుగా? ఇన్‌స్పెక్టరుగారు జవాబుగా 1989 నవంబరు చెప్పారు. థాయ్‌లాండ్ దగ్గర పుట్టిన ‘గే’ తుపాను బంగాళాఖాతమంతా దాటి కావలి దగ్గర తీరం తాకింది. గాలి గంటకు రెండు వందల కిలోమీటర్లు దాటింది. అప్పటికి ఆయన ఉద్యోగంలో కొత్త. పడిపోయిన స్తంభాలను లెక్కపెట్టే పని మానేసి, నిలబడ్డ వాటిని లెక్కపెట్టారట, తొందరగా అవుతుందని. మామూలు గాలిమర సెకనుకు 25 మీటర్లు, అంటే గంటకు 90 కిలోమీటర్ల గాలి దగ్గరే రెక్కల అంచు గాలికి తిప్పుకుని నిలిచిపోతుంది. రెండు వందలంటే రెక్కలకూ స్తంభానికీ కూడా పరీక్షే. తుపాన్లకు తట్టుకునేలా ప్రత్యేకంగా చేసిన మరలు ఉన్నాయి, వాటికి ఖర్చు ఎక్కువ.

ఇంకో కారణం గాలిదే. కోస్తా ఆంధ్రలో సముద్రం మీద గాలి లేకపోలేదు. కానీ ఏడాది పొడవునా లెక్కవేస్తే మన్నార్ సింధుశాఖ మీద వీచేదానికి సరితూగదు. గాలి విషయంలో కాస్త తేడా కూడా పెద్ద తేడా అవుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిదింతలు. వేగం పదోవంతు పెరిగితే శక్తి మూడోవంతు పెరుగుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు వేల మెగావాట్లకు పైగా గాలి కరెంటుంది గాని, అది దాదాపు అంతా అనంతపురం, కర్నూలు, కడప కొండల మీదిదే.

పాంబన్ దగ్గర గాలి మొదటిసారి వీళ్లను తోసింది. 1914 నాటి పాత రైలు వంతెన మీద గాలిని కొలిచే యంత్రం పెట్టారు. గంటకు 58 కిలోమీటర్లు దాటితే సిగ్నలు దానంతటదే ఎర్రబడి, రైలు ఒడ్డునే ఆగిపోయేది. పక్కనే కొత్త వంతెన 2025 ఏప్రిల్‌లో మొదలైంది. ఓడ వస్తే దాని మధ్య భాగం నిట్టనిలువుగా పైకి లేస్తుంది. రోడ్డు వంతెన మీద ఆగి చూసే జనమంతా ఆ లేచే ముక్క ఎప్పుడు లేస్తుందా అని చూస్తుంటే, ఇన్‌స్పెక్టరుగారు మాత్రం పాత వంతెన వైపే చూశారు. గాలి చెప్పింది విని రైలు ఆగడం ఆయనకు ముచ్చటేసింది. లైన్లో కరెంటు ఉందో లేదో అడగకుండానే పైకి ఎక్కమనే ఆఫీసర్లను ఆయన తన సర్వీసులో చూశారు.

రామేశ్వరంలో ఇరవై రెండు తీర్థాల స్నానం సంగతి అందరూ రాసేదే, ఇక్కడ అక్కర్లేదు. ధనుష్కోడి మాత్రం ఆగాల్సిన చోటు.

1964 డిసెంబరు 22 రాత్రి తుపానులో ఈ ఊరు పోయింది. వందమందికి పైగా ప్రయాణికులున్న రైలు నీళ్లపాలైంది. పైకప్పు లేని చర్చి గోడలు, రైల్వే స్టేషను మొండి గోడలు ఇప్పటికీ ఉన్నాయి. రోడ్డు చివర నిలబడితే రెండు పక్కలా సముద్రమే. ఎడమ పక్క పాక్ జలసంధి సద్దు లేకుండా ఉంటే, కుడి పక్క మన్నార్ సింధుశాఖ రేగిపోతోంది. అక్కడివాళ్లు ఒకదాన్ని ఆడ సముద్రం, రెండోదాన్ని మగ సముద్రం అంటారు. శంఖాలు అమ్మే ఒకామె తన తాటాకు పందిరికి నాలుగు మూలలా ఇసక బస్తాలు కట్టింది. గాలికి బస్తాలే కొంచెం కొంచెం జరుగుతున్నాయి. ఆమె బేరం ఆపకుండానే కాలితో వాటిని వెనక్కి నెట్టుకుంటోంది. ఉదయగిరి వాళ్లని తెలిసి, తెలియని భాషలోనే రెండు రూపాయలు తగ్గించింది. భాయ్ చెక్క దువ్వెనొకటి తీసి ఆమెకిచ్చాడు. అమ్మేవాళ్ల మర్యాద అమ్మేవాళ్లకు తెలుస్తుంది.

ఈ తీరం మీదే జాతీయ పవన శక్తి సంస్థ ఎత్తైన మాస్ట్ నిలబెట్టి గాలిని కొలిచింది. సెకనుకు ఎనిమిది మీటర్లు, ఆపైన వచ్చే గాలి దేశంలో ఇంకెక్కడో గాని దొరకదు. గుజరాత్‌లో ఖంభాత్ సింధుశాఖ దానికి జంట. ఈ రెండు తీరాల్లో కలిపి 70 వేల మెగావాట్లు తీయొచ్చని ప్రాథమిక అంచనా. అంచనాలకేం, 2015లో కేంద్రం సముద్ర గాలి విధానం తెచ్చింది. 2022 నాటికి ఐదు వేల మెగావాట్లు, 2030కి ముప్పై వేలు అని 2018లో లక్ష్యం ప్రకటించింది. 2022 వచ్చింది, పోయింది. మన సముద్రంలో ఒక్క మర కూడా లేవలేదు.

కారణం గాలి కాదు, డబ్బు. నేల మీద గాలి కరెంటు యూనిట్ మూడు నాలుగు రూపాయల మధ్య దొరుకుతుంటే, సముద్రంలో దానికి రెండింతలు దాటుతుంది. సముద్రం అడుగులోకి ఉక్కు గొట్టాలు పాతాలి. ఉప్పుగాలికి తట్టుకునే పూతలు వేయాలి. ఒడ్డు దాకా సముద్రం అడుగున కేబుల్ పరచాలి. ఆ తేడా పూడ్చడానికే 2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం 7,453 కోట్ల రూపాయలు ఒప్పుకుంది. గుజరాత్‌కు 500 మెగావాట్లు, తమిళనాడుకు 500. అందులోనే రెండు ఓడరేవులను బాగుచేయడానికి 600 కోట్లు.

ప్రపంచంలో మొదటిది ఎంత చిన్నదో ఇన్‌స్పెక్టరుగారికి కంఠస్థం. 1991లో డెన్మార్క్ విండెబీ దగ్గర పదకొండు మరలు పెట్టింది. ఒక్కొక్కటీ 450 కిలోవాట్లు, అన్నీ కలిపినా ఐదు మెగావాట్లు. పాతికేళ్లు తిరిగాక 2017లో పీకేశారు. 2022లో బ్రిటన్ తూర్పు తీరాన మొదలైన హార్న్‌సీ-2లో 165 మరలున్నాయి, ఒక్కొక్కటీ 8 మెగావాట్లు. ఇప్పుడు 15 మెగావాట్ల మరల రెక్క ఒక్కటే 115 మీటర్ల పొడవు. చైనా అందర్నీ దాటిపోయింది. “మన ఆత్మకూరు టౌనుకు ఒక్క మర చాలదా?” అని భాయ్ అడిగితే, గాలి ఉన్నప్పుడు చాలుతుందని, లేనప్పుడు ఏం చేస్తావన్నదే అసలు లెక్కని ఆయన మళ్లీ మొదలుపెట్టబోయారు. అదృష్టం కొద్దీ టీ వచ్చింది.

ఏర్వాడి దారిలో కనుచూపు మేర సర్కారు తుమ్మ. మన వైపు వరికుంటపాడు పోయేదారిలాగే ఉందని ఇద్దరూ అనుకున్నారు. నేల కూడా మనలాగే ఎండిందే, చెరువులు మనలాగే అడుగంటినవే. తేడా ఒక్కటి, ఇక్కడ ఎండను కూడా వదల్లేదు. కముది దగ్గర 648 మెగావాట్ల సోలార్ పలకలు పరిచారు. దర్గాలో భాయ్ మొక్కు తీర్చుకుంటున్నంతసేపూ ఇన్‌స్పెక్టరుగారు బయట వేపచెట్టు కింద ముంజలు తిన్నారు. గాలి గురించి అనుమసముద్రంపేటలో ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం.

పాంబన్ నుంచి తూత్తుకుడి దాకా తీరం వెంబడి ఇరవై ఒక్క చిన్న దీవులు. వాటి చుట్టూ పగడపు దిబ్బలు, సముద్రపు గడ్డి మేసే కడలి ఆవులు. 1986లోనే దీన్ని సముద్ర జాతీయ పార్కు చేశారు. మరలు పెట్టాలంటే ఈ దీవులను తప్పించి దూరంగా వెళ్లాలి. దూరం వెళ్లిన కొద్దీ కేబుల్ పెరుగుతుంది, ఒక చోట శ్రీలంక సరిహద్దు అడ్డొస్తుంది. మిగిలిన నీళ్లలో చేపల పడవలు తిరుగుతాయి.

ఆ పడవలవాళ్లతో మాట్లాడింది తూత్తుకుడిలో. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా మర పడవలకు వేట నిషేధం. నెల్లూరు జాలర్లకూ ఇదే లెక్క. నిషేధం అయిపోయింది గాని, గాలికి చిన్న పడవలు కొన్ని ఒడ్డునే ఉన్నాయి. వల బాగుచేసుకుంటున్న నడివయసు మనిషి, ఇన్‌స్పెక్టరుగారి మద్రాసు తమిళాన్ని ఓపిగ్గా భరించి, ఎదురు ప్రశ్న వేశాడు. మర చుట్టూ ఎంత దూరం దాకా మమ్మల్ని రావద్దంటారు?

ఇది తెలివైన ప్రశ్న. ఎందుకంటే దీనికి ప్రపంచంలో ఒకే జవాబు లేదు. బ్రిటన్‌లో మరలు తిరుగుతున్నప్పుడు వాటి మధ్య పడవలు పోవచ్చు, చేపలు పట్టొచ్చు. కట్టేటప్పుడు మాత్రం 500 మీటర్ల దూరం పాటించాలి. బెల్జియంలో ఆ ఆవరణలోకే పడవ పోకూడదు. ఒకే ఉత్తర సముద్రం, రెండు న్యాయాలు. తూత్తుకుడి జాలరి బతుకు వీటిలో ఏది ఎంచుకుంటారన్న దాని మీద ఉంటుంది, మర ఎంత పెద్దదన్న దాని మీద కాదు. ఆయన ఇంకోటి కూడా చెప్పాడు. గాలి బాగా ఉండే నెలలంటే సముద్రం కూడా బాగా లేచే నెలలు. అప్పుడు మర చెడితే బాగుచేసేవాళ్లు ఏ పడవలో వస్తారు? యూరప్‌లో దీనికోసం ప్రత్యేక ఓడలు, హెలికాప్టర్లు వాడతారు. ఆ ఖర్చంతా యూనిట్ ధరలోకే ఎక్కుతుంది.

ఊరు వదిలే ముందు తూత్తుకుడి మాకరూన్లు కొన్నారు. జీడిపప్పు పొడి, పంచదార, కోడిగుడ్డు తెల్లసొన. నోట్లో వేసుకోగానే కరిగిపోయే ఆ శంకు బిళ్లలో తెల్లసొన ఉందని ఇన్‌స్పెక్టరుగారికి నాలుగోది తిన్నాక గాని భాయ్ చెప్పలేదు. రామేశ్వరం పుణ్యం ఎంత మిగిలిందో ఆయనే తేల్చుకోవాలి.

తీరం రోడ్డున ఉడన్‌గుడి తాటిబెల్లం కాఫీ తాగుతూ కన్యాకుమారి చేరి, అక్కడి నుంచి వెనక్కి తిరిగితే అరల్వాయ్‌మొళి కనుమ. పడమటి కనుమల్లో ఇక్కడొక సందుంది. నైరుతి గాలి కేరళ వైపు కొండలకు కొట్టుకుని, దారి దొరికిన చోట ఒక్కసారిగా దూరుతుంది. ముప్పందల్ మరలు ఆ దారిలోనే ఉన్నాయి. ఈ ప్రాంతమంతా కలిపి 1,500 మెగావాట్ల మాట. అరటితోటల మీద, కొబ్బరి చెట్ల మీద, గుడి గోపురం వెనక, ఎటు చూసినా రెక్కలే. పొట్టి మరలు హడావిడిగా గిరగిరా తిరుగుతుంటే, కొత్తగా వచ్చిన పొడుగువి నింపాదిగా తిరుగుతున్నట్టుంటాయి. కింద నిలబడి వింటే ఆ నింపాదితనం అబద్ధమని తెలుస్తుంది. ఒక్కో రెక్క దిగేటప్పుడు ఉస్సుమని గాలిని కోస్తుంది. నిమిషానికి పదిహేను చుట్లే అయినా, యాభై మీటర్ల రెక్క కొస గంటకు 280 కిలోమీటర్ల వేగంతో పోతుంది.

ఇరవై ఏళ్లు దాటిన పాత మరల చోట పెద్దవి పెట్టుకోవడానికి తమిళనాడు 2024లో విధానం తెచ్చింది. దించేసిన రెక్కలు అక్కడక్కడా పడి ఉన్నాయి. రోడ్డు పక్క షెడ్డు బయట ఒక రెక్కను అడ్డంగా కోసిన ముక్క కనిపించేసరికి భాయ్ అక్కడే గొంతుక్కూర్చున్నాడు. పైన ఫైబర్ పొర, కింద ఫైబర్ పొర, మధ్యలో లేత గోధుమరంగులో చెక్క. వేలిగోరు దించి చూశాడు, దిగింది. ముక్క చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. వాసన చూశాడు. పీచు ఎటు పోతోందో వెలుతురుకెత్తి చూశాడు. “అన్నా, ఇది చెక్కే!” అన్నాడు, ఏదో దొంగతనం పట్టుకున్నట్టు.

అది బల్సా. దక్షిణ అమెరికాలో ఈక్వెడార్ అడవుల్లో పెరిగే చెట్టు. కొన్నేళ్లలోనే ఎదుగుతుంది, తేలిక, అయినా పీచు బలం గొప్పది. ప్రపంచంలో చాలా రెక్కల లోపల ఉండేది ఇదే. 2020లో గిరాకీ పెరిగి ధర మండిపోతే, ప్లాస్టిక్ నురుగు పలకలు దాని చోటికి రావడం మొదలైంది. నెల్లూరు వైపూ సీమెన్స్ గమేసా రెక్కల ఫ్యాక్టరీ పెట్టిందని, మన జిల్లా పేరుతో రెక్కలు దేశమంతా పోయాయని ఇన్‌స్పెక్టరుగారు చెప్పారు. భాయ్ ఇంకా ఆ ముక్కనే తిప్పుతున్నాడు. బాడిసతో, ఆకురాయితో బతికినవాడికి మెగావాట్ల కంటే ఈ చెక్కే దగ్గరగా అనిపించింది. షెడ్డువాడు ఆ ముక్క తీసుకుపొమ్మన్నాడు, డబ్బు వద్దన్నాడు.

చివరి మజిలీ కయత్తారు. వీరపాండ్య కట్టబొమ్మన్‌ను 1799లో ఇంగ్లీషువాళ్లు ఉరితీసింది ఇక్కడే. ఆయన పూర్వీకులు తెలుగువాళ్లు. కోవిల్‌పట్టి చుట్టుపక్కల పల్లెల్లో ఇప్పటికీ ఇంట్లో తెలుగు మాట్లాడే కుటుంబాలు చాలా ఉన్నాయి. జాతీయ పవన శక్తి సంస్థవాళ్లు కొత్త మరలను పరీక్షించే కేంద్రం కూడా కయత్తారులోనే. నల్లరేగడి నేల, ఆకాశం మీద ఆధారపడిన మినుము, సజ్జ, మధ్యలో మరలు.

తెలుగు వినపడి ఒక ముసలాయన మేకల్ని వదిలి దగ్గరికొచ్చాడు. ఆ తెలుగులో మన మాటలే, ఊపు తమిళానిది. తన పొలంలో మూల చెక్క ఒకటి మర కంపెనీకి అమ్మానని, ఆ డబ్బుతో కూతురి పెళ్లి చేశానని చెప్పాడు. బాట వేసేటప్పుడు గట్లు చెడగొట్టారని కోపం, మర నీడలో మేకలు పడుకుంటాయని సంతోషం. మోసపోయారా అని ఇన్‌స్పెక్టరుగారు అడిగితే, ఇప్పటి ధర చూస్తే మోసపోయినట్టే గాని, ఆనాడు బేరమాడింది తానేనన్నాడు. వద్దంటే అమ్మేవాణ్ణి కాదన్నాడు.

సోమశిల కట్ట మీది మాట భాయ్‌కి ఇక్కడ ఎక్కింది. ఈయన వద్దనగలిగాడు, పట్టా ఉంది కాబట్టి. తూత్తుకుడిలో వల అల్లుతున్నాయన ఎవరితో బేరమాడతాడు? తాతల నాటి నుంచి నీళ్లడుగున ఫలానా మెట్ట దగ్గర ఫలానా నెలలో ఏ చేప పడుతుందో ఆయనకు తెలుసు. కానీ ఆ నీళ్లు ఆయన పేరున ఏ దస్తావేజులోనూ లేవు. సముద్రం అడుగు కేంద్రం చేతిలో ఉంటుంది. 2023 డిసెంబరులో వచ్చిన లీజు నిబంధనల ప్రకారం కంపెనీకి అక్కడ 35 ఏళ్ల దాకా లీజు ఇవ్వొచ్చు. కంపెనీకి కాగితం పుడుతుంది, జాలరికి పుట్టదు. సముద్రం ఎవరిదీ కాదు కాబట్టి భూసేకరణ గొడవలు ఉండవని సముద్ర గాలిని మెచ్చుకునేవాళ్లు తరచూ అంటుంటారు. నిజానికి గొడవపడే హక్కు రాసి లేకపోవడాన్ని వాళ్లు సౌకర్యం అంటున్నారు. ఆ సముద్రంలో మరలు రావాల్సిందే. బొగ్గు కాల్చి ఎల్లకాలం గడవదు, ఇంత గాలిని వృథా పోనివ్వడమూ తెలివి కాదు. కానీ మొదటి గొట్టం పాతకముందే పడవల దారులు, వేట మెట్టలు, దూరాల లెక్క కాగితం మీదికి రావాలి. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ ఎదుట 2000లో పెట్టిన మిడిల్‌గ్రుండెన్ మరల్లో సగానికి ఊరివాళ్లే సహకార సంఘంగా వాటాదారులయ్యారు. జాలర్ల సంఘాలకు అట్టాంటి వాటా ఎందుకుండకూడదో ఏ టెండరు కాగితమూ చెప్పదు.

తిరుగు రైలు గూడూరు దాటేసరికి తెల్లారింది. ఇన్‌స్పెక్టరుగారు కిటికీ పక్కన కూర్చుని ఇంకా యూనిట్ ధర లెక్కలేస్తున్నారు. భాయ్ సంచీలోంచి ఆ బల్సా ముక్క తీసి, జేబుకత్తితో ఒక అంచు కొంచెం గీకి చూశాడు.

“అన్నా, నెల్లూరు ఫ్యాక్టరీలో ఈ చెక్క తుక్కు ఏం చేస్తారో కనుక్కుంటావా?”

“ఎందుకు?”

“గరిటెలు చేద్దామని.”

“దీంతో గరిటా? పులుసులో పెట్టు, పులుసంతా అదే తాగుద్ది.”

“పులుసుకు మన అడివి కొయ్య ఉండ్లా? ఇది ఉప్పు డబ్బాలో పెట్టుకునే చెంచాకు,” అన్నాడు భాయ్, ముక్కను ఇంకోవైపు తిప్పి గీకుతూ.